తెరమీద అమ్మ

మొదటి ఆట వదిలారు. హాలు మెట్ల దగ్గర అక్కాచెల్లెళ్లు నిలబడ్డారు. సినిమాలో దెయ్యం వేషం అక్కదే.

“ఇన్నాళ్లూ దెయ్యం సినిమా అంటే జనం నవ్వేవాళ్లక్కా! ఇవాళ నువ్వు కనపడగానే హాలంతా కెవ్వుమంది. సగంమంది బయటికి పరుగే. ఇక నీకు తిరుగులేదు.”

“పాపేదే?”

“బావ దగ్గరుంది. ఇప్పుడే వెళ్లకు.”

“ఏం?”

“‘అమ్మ దగ్గరికి వెళదామా’ అంటే గుక్కపెట్టి ఏడ్చింది.”

“వద్దంటే విన్నానా! అమ్మ ఎంత బాగా చేసిందో చూస్తుందని తీసుకురమ్మన్నాను.”

“చిన్నపిల్ల, మర్చిపోతుందిలే.”

“పోనీ, ఎదురుపడను. చాటునుంచి పిలుస్తాను. నా గొంతు వింటే వచ్చేస్తుంది.”

“వద్దక్కా. ఆ దెయ్యం మొహం చూసి పాప అది నువ్వనుకోలేదు. తెరమీద నువ్వు మాట్లాడాకే ఏడుపు మొదలెట్టింది.”