నాలుగింటికి చూసిన ఇల్లు

సుంకులమ్మ మందనమ్మేసింది. అరవై గొర్రెలు, పొట్టేళ్ళతో సహా, ఒక్క పొద్దులో. ఊరంతా నోరు తెరిచింది. నలభై ఏండ్లు వాటి ఎనక నడిచిన మనిషి, మొగుడు పోయిన రోజు కూడా మందను కొండకు తోలుకొని పోయిన మనిషి, అట్ల ఎట్ల అమ్మిందప్పా అని. ఒక్కదాన్ని మాత్రం ఉంచుకుందిలే, మెడ కింద మచ్చుండే ముసలి గొర్రె, దాని సంగతి చివర్లో వస్తాది, తొందరపడొద్దు. ఎందుకమ్మిందంటే కర్నూల్లో ఇల్లు కొనేదానికంట. ఇల్లు ఎందుకంటే మనవరాలు కావేరి కోసం. ఆ పిల్లకు ఎనిమిదేండ్లు, నోరు మాత్రం ఎనభై ఏండ్లది అనుకో. అది సెలవులకు ఊరికొచ్చినప్పుడు ఒకరోజు జేజి గొర్రె నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్తా ఉంటే, "జేజీ, కింద పళ్ళున్నాయి గదా, పైన ముందు పళ్ళెందుకు లేవు?" అనిందంట. సుంకులమ్మకు దిమ్మ తిరిగింది. ఇన్నేండ్లలో ఎన్ని వేల నోర్లు తెరిచి చూసింటాది, ఎన్ని పళ్ళు లెక్కపెట్టింటాది, ఎందుకు లేవని ఒక్కనాడూ అనుకోలేదే! "ఏమో బిడ్డా, నాకు తెలీదు" అనింది. అని ఊరుకోలేదు, ఈ పిల్లకు చెప్పేవాళ్ళుండే బళ్ళో దీన్ని చేర్పించల్ల అని ఆ పొద్దే గట్టిగా అనేసుకుంది.

కొడుకు మద్దిలేటి లారీ డ్రైవరు, కర్నూల్లో పెండ్లాం బిడ్డతో బాడుగ గదిలో ఉంటాడు. వానికి ఇంకా ఆత్రం. ఎందుకుండదు? సదువు లేనోని బతుకు గురించి ఎవరూ నాకు చెప్పొద్దు, ఇక్కడ కూర్చున్నోళ్ళలో సగం మందిమి వేలిముద్రలేసినోళ్ళమే. రోడ్డు మీద బోర్డు చదవలేక ప్రతి ఊర్లో లారీ ఆపి "అన్నా, ఈ దారి యాడికి పోతాది?" అని అడిగి అడిగి, ఇరవై ఏండ్లకు దారులన్నీ తలకెక్కించుకున్నోడు వాడు. ఆఫీసులో గుమాస్తా కాగితం చేతికిచ్చి "చదువుకో" అని నవ్వినప్పుడల్లా వానికి కడుపు మండేది. అందుకని, నా బిడ్డ కర్నూల్లోకల్లా పెద్ద బళ్ళో చదవల్ల, ఆ బడి పక్కనే ఇల్లు కొనల్ల, అని పట్టు పట్టినాడు. ఆ బడి పేరు చెప్పను లెండి, అయిదంతస్తుల అద్దాల మేడ, ముందర ర్యాంకులొచ్చిన పిల్లోళ్ళ ఫోటోలు, సినిమా హాలు మాదిరి.

కంబగిరి అని ఒక బ్రోకరు తగులుకున్నాడు. మనిషి కాటుక లేకపోయినా కళ్ళు తిప్పుతా మాట్లాడతాడు. బుధవారం పొద్దున పది గంటలకు వీళ్ళను తీసుకపోయి ఫ్లాటు చూపించినాడంట. "చూడవ్వా, లిఫ్టు. చూడవ్వా, కొళాయి తిప్పితే నీళ్ళు. చూడవ్వా, కిటికీ తీస్తే ఎదురుగా బడి. నీ మనవరాలు గంట కొట్టినాక బయల్దేరినా అందుకుంటాది." రోడ్డు కడిగినట్టుంది, బడి దేవళం మాదిరి నిశ్శబ్దంగా ఉంది. "శుక్రవారం లోపల మాట చెప్పల్ల అవ్వా, ఇద్దరు డాక్టర్లు దీని మీద కన్నేసినారు" అన్నాడు. మద్దిలేటి అప్పుడే తలూపేస్తా ఉన్నాడు. సుంకులమ్మ మాత్రం, "నాయనా, నేను నాలుగింటిదాకా ఇక్కడ కూర్చుంటా" అనింది. కూర్చొని ఏం చేస్తావవ్వా? "చూస్తా."

ఎందుకో చెప్తా వినండి. సంతలో గొర్రెను కొనేటప్పుడు పొద్దున పూట చూసి కొన్నోడు మునిగిపోతాడు. అమ్మేవాడు ఉప్పు నాకించి, కడుపు నిండా నీళ్ళు తాపి, వీపు తుడిచి నిలబెడతాడు. పది గంటలకు ప్రతి గొర్రే పెండ్లికూతురే! తెలిసినోడు ఏం చేస్తాడంటే, ఆ మంద ఉండే ఊరికి పోయి, సాయంత్రం మేత నుంచి మళ్ళేటప్పుడు దారి పక్కన నిలబడి చూస్తాడు. ఎట్ల నడుస్తాయి, తల ఎత్తినాయా దించినాయా, పిల్లల కోసం అరుస్తాయా లేదా. ఇంకా అనుమానముంటే ఒకదాన్ని పట్టుకొని కంటి కింది రెప్ప లాగి చూస్తాడు. లోపల ఎర్రగుంటే సరే, తెల్లగా పాలిపోయుంటే కడుపులో పురుగుంది, వదిలెయ్ అని. సుంకులమ్మ సదువుకున్న సదువు అదొక్కటే.

మద్దిలేటి పనికి పోయినాడు, జేజీ మనవరాలూ ఎదురుగా టీ అంగడి బల్ల మీద కూర్చున్నారు. నాలుగయ్యింది, గంట కొట్టినారు. గేటు తెరిచినారు. ఏమైందంటే, ఆరొందల మంది పిల్లోళ్ళు బయటికి వస్తాండారు, ఒక్కరి నోట్లో మాట లేదు! వరసలో, టైలు బిగించుకొని, మూటల మాదిరి సంచులు మోసుకొని, తలకాయలు దించుకొని. ఇంటికి మళ్ళే మంద అరవకుండా వస్తే రోగమొచ్చినట్టే గదా! సుంకులమ్మ లేచి ఉరికింది. వరసలోంచి ఒక బక్క పిల్లోని గడ్డం పట్టుకొని, బొటనవేలితో కంటి రెప్ప కిందికి లాగి చూసింది. "తెల్లగుంది! ఓయమ్మా, దీనికి పాలిపోయింది!" ఇంకొకని రెప్ప లాగింది. "దీనికీ అంతే! ఎవరప్పా ఈ మందను కాచేది?"

ఇంకేముంది. వాచ్‌మన్ ఈల ఊదినాడు. "పిల్లల్నెత్తుకపోయేదొచ్చింది!" అని ఎవరో అరిచినారు. కారులోంచి ఒకామె దిగి "నా కొడుకు మీద చేయేస్తావా!" అని గొడుగెత్తింది. "ఎత్తకపోనమ్మా, నీ పిల్లోనికి మేత చాలడం లేదు, నువ్వు కారులో తిరుగుతాండావు" అని సుంకులమ్మ కూడా తగ్గలేదు. జేజినీ మనవరాలినీ లాక్కపోయి ప్రిన్సిపాల్ ముందర నిలబెట్టినారు. ఎవరు నువ్వు, ఏం పని? "ఇల్లు కొనేదానికొచ్చినా సామీ." ఇల్లు కొనేదానికొచ్చి పిల్లల కళ్ళెందుకు లాగినావు? ఆయనకు గొర్రెల సంగతి చెప్తే తలకెక్కుతాదా! బెదిరించి వదిలేస్తా ఉంటే, ఊరుకుంటాదా మన కావేరి, "సార్, గొర్రెకు పైన ముందు పళ్ళెందుకుండవు?" అని అడిగింది. ఆయన గడియారం చూసుకొని, "అది మీ క్లాసు సిలబస్‌లో లేదు. లేనివి అడిగి టైం పాడు చేసుకునే పిల్లలకు మా దగ్గర సీటుండదు" అన్నాడంట. కొట్టలేదు, తిట్టలేదు. అంతే అన్నాడు.

ఆ పొద్దు ఇంటికి పోయేదాకా ఆ పిల్ల ఒక్క మాట అడగలేదంట. జేజి ఆటోలోంచి "అదిగో రైలు" అనింది, "ఊఁ" అనింది. "ఆ గుర్రం చూడు ఎంత తెల్లగుందో" అనింది, "ఊఁ" అనింది. బువ్వ తినేటప్పుడు గూడా మాట్లాడలేదు. ఎప్పుడూ "దీని నోటికి తాళమెయ్యే" అని పెండ్లాంతో అనే మద్దిలేటి కూడా రెండు సార్లు తలెత్తి బిడ్డ మొకం చూసినాడు. పండుకునే ముందర సుంకులమ్మ దీపం దగ్గరికి తెచ్చి పిల్ల కంటి రెప్ప లాగి చూసింది. ఎర్రగానే ఉంది. ఉన్నా ఆమెకు నిద్ర పట్టలేదు.

మర్నాడు తల్లీ కొడుకులకు జగడం. "ఆ బడి వద్దురా." "నీకేం తెలుసునమ్మా, గొర్రెలు కాసినదానివి!" "ఆ గొర్రెలమ్మిన దుడ్లతోనేగదరా ఇల్లు!" "నా బిడ్డను గూడా నా మాదిరి దార్లు అడుక్కుంటా బతకమంటావా?" వాడనేదీ నిజమే గదా. సుంకులమ్మ చెప్పులేసుకొని, కావేరి చెయ్యి పట్టుకొని ఊరి మీద పడింది. సందు సందుకూ తిరిగింది. నాలుగింటికి పిండిమరకు ఎదురుగా ఒక మున్సిపల్ బడి కనపడింది. గోడకు సున్నం లేదు, గేటుకు ఒక రెక్కే ఉంది. గంట కొడతానే పిల్లోళ్ళు దొడ్డి విప్పిన మేకపిల్లల మాదిరి బయట పడినారు. ఒకడు అరుస్తాడు, ఇంకొకడు తోస్తాడు, ఒక పిల్లేమో టీచరు కొంగు పట్టుకొని బయటిదాకా వచ్చి ఇంకా వాదిస్తానే ఉంది. ఈసారి సుంకులమ్మ ఎవరి రెప్పా లాగలేదు, బుద్ధొచ్చింది. ఎదురుగా గోడకు "ఇల్లు అమ్మబడును" అని రాసుందంట, కావేరే చదివి చెప్పింది.

శుక్రవారం మద్దిలేటి కంబగిరి దగ్గరికి బయల్దేరినాడు. "పోయేముందు ఒక్కసారి ఆ దారెంబడి రారా, మళ్ళా నిన్నడగను" అని బతిమాలి తీసుకపోయింది. వాడు ఆ గేటు చూసి మొకం చిట్లించినాడు. లోపలికి పోతే, నిన్న పిల్ల కొంగు పట్టుకున్న ఆ టీచరే, షాకిరమ్మ, ఏం కావల్లనింది. కావేరి జేజి ఎనక్కి దూరింది. సుంకులమ్మే నెట్టింది, అడగవే అని. పిల్ల సన్నంగా, గొణిగినట్టు గొర్రె పళ్ళ సంగతి అడిగింది. టీచరు కూడా "నాకు తెలీదే పాపా!" అనింది. మద్దిలేటి "చూసినావా!" అన్నట్టు తల్లి దిక్కు చూసినాడు. టీచరు ఆపలేదు. "గొర్రెను తీసుకరాగలరా? గడ్డి ఎట్ల కొరుకుతాదో పిల్లలందరమూ చూద్దాం. చూస్తే తెలుస్తాదేమో. తెలీకపోతే పుస్తకంలో వెతుకుదాం." అని మద్దిలేటి దిక్కు తిరిగి, మీరేం చేస్తారనింది. లారీ డ్రైవర్నన్నాడు, తలొంచుకొని. "అబ్బ, మంచి రోజున వచ్చినారు! నాలుగో తరగతికి ఊర్ల పటం చెప్తాండా. కర్నూలు నుంచి నాగపూరుకు దారి చెప్తారా?" ఇంక చూస్కో. వాడు నిలబడినాడు, మొదట ఒక్కొక్క ఊరి పేరే చెప్పినాడు, తరువాత ఆపితే ఆగలేదు. యాడ కృష్ణ దాటల్ల, యాడ గోదావరి, యాడ ఘాటు, యాడ నారింజ పండ్లు చవక. పిల్లోళ్ళు ప్రశ్నలే ప్రశ్నలు. టీచరు బోర్డు మీద గీత గీస్తా పోయింది. వాడు ఇరవై ఏండ్లు అడుక్కొని నేర్చుకున్న దారంతా అక్కడ సుద్దముక్కతో తెల్లగా నిలబడింది. బయటికొచ్చినాక గేటు దగ్గర వాడు కండ్లు తుడుచుకున్నాడంట, సుద్దపొడి పడిందన్నాడు. కావేరి అప్పుడే మొదలుపెట్టింది, "నాయనా, గోదావరి వంతెన ఎంత పొడుగు? లారీ పోతే ఊగుతాదా? ఊగితే పడదా?" సందు చివరిదాకా ఆపలేదు. వాడు ఫోను తీసి కంబగిరికి చెప్పినాడు, "అప్పా, ఆ ఫ్లాటు డాక్టర్లకే ఇచ్చుకో."

కొన్నారు, పిండిమర పక్కిల్లే. రేకుల కప్పు, వానొస్తే రెండు చోట్ల కారతాది, బట్టల మీద ఎప్పుడూ పిండి. ముసలి గొర్రెను లారీలో తెచ్చి బడి వసారాలో కట్టేసి, నలభై మంది దాని నోట్లోకి తొంగి చూసినారంట. అది బెదిరి టీచరు హాజరు పుస్తకం నమిలేసింది. పైన ముందు పళ్ళు లేకుండా ఎట్ల కొరికిందో అదే అందరికీ బాగా తెలిసింది. సుంకులమ్మ రోజూ నాలుగింటికి అరుగు మీద కూర్చుంటాది, మంద మళ్ళేది చూసేదానికి. ఆమె మొకం చూసి ఆ సందులో ఇంకో ముగ్గురు ఇండ్లు కొన్నారంటే నమ్ము. ఆ ఇండ్లమ్మింది ఎవరనుకున్నావు? కంబగిరే! ఇప్పుడు వాడు ఎవరినీ పదిగంటలకు రమ్మనడం లేదంట, నాలుగింటికే రమ్మంటాడు, అరుగు మీద ముసలామెను చూపించి ఇంకో రెండు రూపాయలు ఎక్కువ చెప్తాడు. బ్రోకరు బ్రోకరే. ఏంది ఓబులేసూ, గొర్రెకు పైపళ్ళెందుకు లేవంటావా? నన్నెందుకడుగుతావయ్యా, కర్నూలు బస్సెక్కి పోయి కావేరినడుగు. కాకపోతే పొద్దున్నే పో, ఒక్కటడిగితే ఆమె పదడుగుతాది, ఆఖరి బస్సు తప్పిపోతాది.