కుండలో గుడ్డ

మద్దిలేటి అని ఉండె చూడు, మిద్దెలు కప్పేటోడు, ఆయప్ప చెయ్యి పడితే మిద్దె కారదని చుట్టుపక్కల పది ఊర్లలో పేరంట. దూలాలు ఎత్తి, వాటి మీద అడ్డంగా దంతెలు పరిచి, పైన కంపా ఆకూ ఏసి, మన్ను తొక్కి, ఆ మన్ను మీద చౌడు పరిస్తే అయిపాయె మిద్దె. చౌడంటే ఏదో తెల్లమన్ను అనుకునేరు. నోట్లో ఏసుకుంటే ఉప్పగా ఉండాల, తడిస్తే పెచ్చు కట్టాల, చుక్క కిందికి దిగనియ్యగూడదు. ఏటేటా పాతది గీకి కొత్తది పరిస్తేనే చలికాలం ముసురుకు మిద్దె నిలబడేది. అట్లాంటి చౌడు ఆ ఊర్లో ఒక్క చేన్లోనే ఉండె. ఎవురి చేనంటే, మద్దిలేటి చిన్నాయన కొడుకు కౌలుట్లయ్యది. ఊరంతా ఆడికే పొయ్యి గంపలకు ఎత్తుకొచ్చుకునేది, మద్దిలేటి మాత్రం పోడు. ఎందుకు పోడంటే, పన్నెండేండ్ల కింద ఈయప్ప కప్పిన మిద్దె కౌలుట్లయ్య ఇంట్లో ఒక మూల కారిందంట. కారితే ఇంటికొచ్చి చెప్పొచ్చు కదా. లేదు, గానుగ కాడ పదిమంది ముందర అనె, మా మద్దిలేటన్న మిద్దె కింద నేను గొడుగేసుకుని అన్నం తింటాండా అని. అందరూ నగిరి. ఆ పొద్దు నుంచి మాట లేదు, ఆ చేన్లో అడుగు పెట్టింది లేదు. రెండు ఊర్లవతల వంక నుంచి బండితో చౌడు తోలుకునేటోడు.

ఆ ఏడు ఏమైందంటే, మోకాళ్ళు పట్టుకున్యాయి, ఎద్దులు ముసలివైపాయె, బండి కదల్లేదు. కార్తీకం వచ్చె, మిద్దె మీద చౌడు పల్చబడె. పెండ్లాం సుంకులమ్మ చెప్పిందంట, "ఏమయ్యా, చేను పక్కనే ఉండాది. నాలుగు గంపలు నేనే పొయ్యి తెస్తా. నువ్వు రావాకు, మాట్లాడాకు." "నువ్వు పోతే నేను పోయినట్టు కాదా" అనె ఈయప్ప. ఆ మాట ఎట్ల పాయెనో కౌలుట్లయ్య చెవికి పాయె. ఒక పొద్దున గాడిదల మీద చౌడు తోలుకొచ్చి వాకిట్లో పోసి, "వదినా, నా పేరు చెప్పాకు, వంకలోదని చెప్పు" అనేసి పాయె. మద్దిలేటి వచ్చి ఒక చిటికె నోట్లో ఏసుకున్యాడు. అన్నేండ్లు మిద్దెలు కప్పినోడికి ఏ చేను చౌడో తెలియదా. పార తీసుకుని, మోకాళ్ళు నొస్తాన్నా సరే, మాపటిదాంక ఆ కుప్పంతా వీధి అవతలికి నూకినాడు. తెల్లారి మిద్దె మీద ఎర్రమన్ను తొక్కినాడు. ఎర్రమన్ను నీళ్ళు తాగి బరువెక్కుతాది, ఏయగూడదని ఊరందరికీ చెప్పినోడు ఆయప్పే అనుకో.

ముసురు పట్టె. ఎండ మొగం లేదు, ఒకటే చలిగాలి, ఒకటే తుంపర. రెండోనాడు కారడం మొదలాయె. సుంకులమ్మ కుండ పెట్టె. టప్పు టప్పుమని చప్పుడు. "ఏమే, తీయ్ దాన్ని" అనె. "తీస్తే ఇల్లు మడుగైతాది కదయ్యా." "చప్పుడు వీధిలోకి ఇనపడతాంది. మద్దిలేటి మిద్దె కారతాందని మళ్ళా గానుగ కాడ నగాల్నా?" ఆయమ్మ ఏం చేస్తాది, కుండలో గుడ్డ ఏసె. ఒక కుండాయె, రెండాయె, ఏడాయె, ఏడిట్లోనూ గుడ్డలే. చాలకపోతే ఉన్న రెండు కోకల్లో ఒకటి చించిందంట. ఇల్లంతా కారతాంది, చప్పుడు మాత్రం లేదు. పక్కింటామె గోడ అవతల నుంచి అడిగె, "సుంకులక్కా, మాది మూల కారతాంది, మీదేమన్నా కారతాందా?" "మాదేంటికి కారుతాది మే, మద్దిలేటి మిద్దె కదా" అనె ఈమె, మొగుడి దిక్కు చూసుకుంటా.

మూడోనాడు మధ్యాన్నం దూలం కిర్రుమనె. తడిసిన మిద్దె ఎక్కినోళ్ళను ఆయప్ప ఎంతమందిని తిట్టింటాడో లెక్కలేదు. అట్లాంటోడు ఇంకో నాలుగు గంపల మన్ను ఏస్తే ఆగుతాదని తానే ఎక్కె. ఎక్కినాక తెలిసె, కాలు కింద మిద్దె మెత్తగా అల్లాడతాంది. "ఏమే, బయటికి రా" అన్నాడంట. "ఈ కుండ నిండింది, పారబోసుకోని వస్తా" అనె ఆయమ్మ. అంతే. దూలం దిగె, మన్నంతా దిగె, మన్నుతో పాటు ఈయప్పా దిగె. ఈయప్ప బతికె. ఆయమ్మ మన్ను కిందనే పాయె. వీధిలో అందరికీ అప్పుడు ఇనపడె చప్పుడు.

ముందర ఉరికొచ్చింది కౌలుట్లయ్యే. చేతుల్తోనే తవ్వినాడంట, గోర్లు లేచిపాయె. "అన్నా, కారతాందని ఒక్క మాట అనింటే నేనే వచ్చి పరిచేటోన్ని కదా" అని ఏడ్సె. మద్దిలేటి లేచి వీధి అవతల తాను నూకిన కుప్ప కాడికి పొయ్యి కూసుండె. మూడు దినాల ముసురుకు కుప్ప పైన తెల్లగా పెచ్చు కట్టింది. పెచ్చు పగలగొట్టి చెయ్యి లోపలికి దోపినాడంట. లోపల పొడి దుమ్ము. ఊరంతా నీళ్ళు, అదొక్క జాగా తడవలే.

ఆ పైన రెండేండ్లు బతికినా, కౌలుట్లయ్యతో మాట్లాడలేదంట. తప్పెవురిదో మీరే చెప్పుకోండి. గానుగ కాడ ఆ మాట అననే గూడదు, నేను అంతవరకే చెప్తా. మద్దిలేటి మా నాయనకు పెదనాయన. పోయినేడు మా మిద్దెకు చౌడు నేను రెండు ఊర్లవతల వంక నుంచే తోలించినా. కౌలుట్లయ్య మనవండ్ల చేన్లో ఉందిలే, బాగానే ఉండాది. వాళ్ళతో మాకు మాటల్లేవు.