సెకనుకి ఎనిమిది వందల మెగాబైట్లు

రెండు వేల సంవత్సరం, ఎండాకాలం. కదిరి బజారులో ఒక మిద్దె మీద కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. కరెంటు పోయి చాలాసేపైంది. సారుగారికి మాత్రం ఇంకా మాట పోలేదు.

“ముందు చెప్పులు బయట ఇడిచి రా భారతీ. దుమ్ము పడితే కంప్యూటర్ చెడిపోతాది.”

“ఇడిచే వచ్చినా రామదాసు సార్. రేపే కదా అనంతపురంలో ఇంటర్వ్యూ. ఒక్కసారి ఆన్ చేసి చూపియ్యండి. ఆయుధపూజ నాడు చేరినా, ఇంతవరకు దాని మీద చెయ్యే పెట్టలేదు.”

“చెయ్యి ఎవరైనా పెడతారు మా. లెక్క రావల్ల. బస్సంటే ఏమి?”

“ప్రాసెసరుకీ మెమరీకీ మధ్య డాటా పోయే దారి. సార్, ఆ ప్లాస్టిక్ కవరు...”

“వెడల్పు అరవై నాలుగు బిట్లు, వేగం నూరు మెగాహెర్ట్జ్. బ్యాండ్‌విడ్త్ ఎంత?”

“సెకనుకి ఎనిమిది వందల మెగాబైట్లు.”

“ఎట్లొచ్చె?”

“అరవై నాలుగుని నూరుతో హెచ్చిస్తే ఆరు వేల నాలుగు వందల మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి ఎనిమిదితో భాగించినా. నిద్రలో లేపి అడిగినా చెప్తా సార్.”

“అబ్బబ్బ, ఏం పాప! విత్తనమేసే గొర్రుకి ఎన్ని పండ్లుంటే అన్ని సాళ్లు పడతాయి, ఎద్దులు ఎంత బిరీన నడిస్తే అంత చేను అయిపోతాది. బస్సంటే ఇంతే. నేను చెప్పినట్ల ఈ జిల్లాలో ఎవరు చెప్తారు?”

“ఇంట్లో ఇట్లే చెప్తే మా నాయనకి కూడా అర్థమాయ సార్. కానీ ఎద్దుల్ని ఒకసారైనా చూడల్ల కదా?”

“కరెంటు లేదు కదమ్మా. ఉంటే చూపియ్యనా?”

“వారం కింద ఉన్నింది. అడిగితే అమావాస్య అన్నారు.”

“అమావాస్యే కదా!”

“నిన్న అడిగితే ఏసీ లేదు, వేడికి కాలిపోతాది అన్నారు. ఆయుధపూజకి టెంకాయ నీళ్లు దాని మీదనే చల్లినారు, అప్పుడేం కాలా?”

“అది శాస్త్రం. నూట ముప్పై మూడు మెగాహెర్ట్జ్ అయితే ఎంత?”

“వెయ్యిన్నీ అరవై నాలుగు. మాట మార్చాకండి సార్. ఈ ఉద్యోగం రాకపోతే నన్ను మళ్లా శెనక్కాయ చేన్లో కలుపుకి తోలతారు. అదీ వాన పడితే. రేపు వాళ్లు కంప్యూటర్ ముందర కూర్చోబెట్టి నడుపు అంటే ఏం చెయ్యల్ల? నాకు భయమైతాంది.”

“భయమెందుకు, నేను చెప్తాండా కదా...”

“ఫ్యాను తిరగతాంది! కరెంటొచ్చె సార్!”

“ఉండు ఉండు, రాహుకాలం...”

“సోమవారం రాహుకాలం తొమ్మిదికే అయిపాయ. కవరు తీస్తాండా.”

“వద్దు మా! భారతీ, నా మాట ఇను, వద్దు...”

“బటన్ ఒత్తినా సార్. ఏమీ వెలగల్యా. ఇదేంది, ఎనక రేకే లేదు? సార్... సార్, లోపల ఏమీ లేదు. ఇటికరాయి ఒకటి ఉండాది.”

“అది... ఊగకుండా పెట్టినాం.”

“బస్సు యాడ సార్?”

“బోర్డు మీద ఉండాది కదమ్మా.”

“సుద్దముక్కతో గీసిందా?”

“దాన్ని చూసే కదా ఇంత లెక్క నేర్చుకుంటివి!”

“మీరన్నా ఎప్పుడన్నా నడిపినారా సార్?”

“మా సారు కూడా బోర్డు మీదనే చెప్పినాడు.”

“నా నోట్లో మన్ను కొట్టినారు కదా సార్! నేను ఫస్టు వచ్చినానని ఊరంతా చెప్పుకుంటి. రేపు వాళ్లకి ఏం మొగం చూపియ్యల్ల?”

“ఏడ్వాకు, ఏడ్వాకు. వాళ్లు నిన్ను కంప్యూటర్ ముందర కూర్చోబెట్టరు. లెక్కలే అడుగుతారు.”

“మీకెట్ల తెలుసు?”

“అడిగేది నేనే కాబట్టి. పేపర్లో వేసింది మనమే మా. కుందుర్పిలో బ్రాంచి తెరుస్తాండాం, టీచర్ కావల్ల. నీ అంత బాగా చెప్పేటోళ్లు యాడున్నారు? ఉద్యోగం నీదే అనుకో.”

“నాదేనా?”

“నీదే.”

“ఆడ... ఆడ కంప్యూటర్ ఉండాదా సార్?”

“దీన్నే పంపిస్తాం.”

“ఆ కవరు ఇట్లియ్యండి సార్. దుమ్ము పడతాంది.”