అన్నిటికీ ‘లేదు’

మధ్యాహ్నం. బస్సు డ్రైవరు ఇంటి ముందుగదిలో ఆయన, ఆయన బావమరిది దర్జీ కూర్చున్నారు. డ్రైవరు భార్య, అంటే దర్జీ అక్క, వంటగదిలో ఉంది.

“ఆ రోజు నడిరోడ్డు మీద బస్సు ఎందుకాపావు బావా? నీ ఉద్యోగం పోయింది ఆ రోజే కదా.”

“చెప్పానుగా. ఇంజను వేడెక్కింది.”

“కండక్టరు వేరేగా చెప్పాడు.”

“వాడి నోట్లో నువ్వుగింజ నానదు. కుట్టుమిషను కట్టేసి ఇది అడగడానికొచ్చావా?”

“నాకూ నీలాగే ప్రోస్టేట్ క్యాన్సరే వచ్చింది కదా. రేడియేషన్ పెట్టించుకుంటే ఏమీ కాదన్నావు. ఆ మాట మీదే మొదలుపెట్టాను. నీకు నిజంగా ఏమీ కాలేదా?”

“కాలేదు. కాస్త నీరసం.”

“అంతేనా?”

“అంతే అన్నానుగా.”

అక్క వంటగది గుమ్మంలోకి వచ్చింది. “నీరసమా? మరి ఏ వీధిలో మరుగుదొడ్డి ఉందో నోటికి చెప్పేస్తారే, అదేమిటి?”

“డ్రైవరన్నాక దారి తెలియదుటే?”

“తమ్ముడి దగ్గర కూడా దాపరికమేనా?”

“నువ్వు లోపలికెళ్లు.”

“వెళ్లను.”

“వెళ్లకు అక్కా. చెప్పు బావా.”

“ఇంజను వేడెక్కలేదురా. ఆపుకోలేకపోయాను. దిగేలోపే ప్యాంటు తడిసింది. లోపల నలభై మంది. రేడియేటర్లో పోసే నీళ్లు మీద ఒంపుకున్నాను, చిందాయనుకుంటారని.”

“డాక్టరుకు చెప్పలేదా బావా?”

“నెలనెలా ఒక కాగితం ఇస్తారు, ఏ ఇబ్బంది ఉందో రాయమని. చిన్న అక్షరాలు, నాకు ఆనవు. అమ్మాయి చదివి పెడుతుంది. మంట ఉందా, ఆపుకోవడం కష్టమా, విరేచనంలో రక్తం పడుతోందా అని అడిగింది. ఆ తర్వాతది భార్యాభర్తల సంగతి. అక్కడ దాని గొంతు ఆగిపోయింది. కన్నకూతురితో ఏం చెప్పను? ‘అన్నిటికీ లేదు అని పెట్టెయ్యమ్మా’ అన్నాను. అప్పట్నుంచీ అదే రాస్తోంది.”

“మీకు రక్తం కూడా పడుతోందా?”

“అప్పుడప్పుడు.”

“నాతో అనలేదే. వరండాలో పక్క వేసుకుంటే గాలి కోసమన్నారు. నేనంటే విసుగు పుట్టిందేమో అనుకున్నాను.”

“అయిదారుసార్లు లేస్తాను. నీ నిద్ర పాడు చేయడం దేనికని.”

“అదొక్కటేనా?”

“తమ్ముడున్నాడు.”

“సరే. అడగను.”

“ఇదంతా నాకు ముందే చెప్పుంటే ఏం పోయేది బావా?”

“భయపడి మానేస్తావనుకున్నాను. ప్రాణం దక్కాలి కదా. నాకు దక్కింది. మిగతావన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు.”

“నువ్వు చెప్పలేదనే మానేశాను.”

“ఏమన్నావు?”

“మూడో వారంలో నాకూ మొదలైంది. కొట్లో ఒకాయనకి కొలతలు తీస్తూ తీస్తూ, టేపు ఆయన భుజం మీదే వదిలేసి పరిగెత్తాను. ఆయన మళ్లీ రాలేదు. నీకు ఏమీ కాలేదు, నాకే అవుతోంది. అంటే ఆ రేడియేషన్ కరెంటు నా ఒంటికి పడలేదనుకున్నాను.”

“ఎప్పుడు మానేశావురా?”

“పోయిన మంగళవారం నుంచి వెళ్లడం లేదక్కా. నీ మరదలికి కూడా తెలియదు. ముప్పై అయిదుసార్లు పెట్టాలన్నారు. పందొమ్మిది మిగిలి ఉన్నాయి.”