గోడగడియారం చేసిన కసరత్తు

హాల్లో కుర్చీలో రిటైరైన బస్సు కండక్టరు, చేతిలోని ఫోన్లో వీడియో కాల్. తెర మీద ఆసుపత్రి ఫిజియోథెరపీ అమ్మాయి. తెరకి కనపడకుండా పక్కనే ఆయన భార్య.

“ఇంకోసారి లేచి కూర్చోండి బాబాయ్‌గారూ. ఆఁ... ఆగండాగండి. మీ వెనకాల గోడగడియారం కూడా లేస్తోందేంటి?”

“గడియారమా? అది... ఫ్యాను గాలికి ఊగుతోందమ్మా.”

“పైకీ కిందికీ ఊగుతుందా? మీరు కూర్చునే ఉండి ఫోను ఎత్తి దించుతున్నారు కదూ?”

“ఛఛ! నేనా?”

“సరే, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ ఎంతుందో చెప్పండి. చేతులు రుద్దుకుని మరీ పెట్టండి, వేలు చల్లగా ఉంటే తప్పు చూపిస్తుంది.”

“తెలుసు, తెలుసు. రోజూ తొంభై ఎనిమిదేగా! నాకు ఊపిరితిత్తుల జబ్బంటే ఎవరూ నమ్మట్లేదు. అన్నట్టు, రేపు ఆసుపత్రికి రానక్కర్లేదుగా?”

“కొన్నాళ్ళు ఫోన్లో, కొన్నాళ్ళు ఇక్కడ, అదీ పద్ధతి. మీరు ఇక్కడికి ఒక్కసారీ రాలేదు.”

“ఇంత బాగున్నవాడికి దండగ కదమ్మా... ఏమేవ్, వేలిటివ్వు.”

“ఎవరి వేలు?”

“ఆఁ? నా వేలే. ఇదిగో, తొంభై... ఇదేంటి, ఎనభై రెండా?”

“ఎనభై రెండే! కదలకండి, అంబులెన్సు పంపిస్తున్నా.”

“అయ్యో, నాకు కాదమ్మా! ఏమేవ్, ఏమైందే నీకు? వేలు ఇంత చల్లబడిపోయిందేంటే? కళ్ళు తేలేస్తావేంటే?”

“ఏమోనండీ... ఒళ్ళు తేలిపోతోంది...”

“అమ్మాయ్, తప్పయిపోయింది! అది మా ఆవిడ వేలు! ఇన్నాళ్ళూ దాని వేలే! నాది పెడితే గుట్టు బయటపడుతుందని...”

“ఎందుకు బాబాయ్‌గారూ ఇదంతా?”

“సిగ్గమ్మా! కిక్కిరిసిన బస్సులో ఆ చివర్నించి ఈ చివరిదాకా తోసుకుంటూ టికెట్లు కొట్టినవాణ్ణి. మీ ఆసుపత్రి వరండాలో నాలుగడుగులకే రొప్పుతుంటే అందరూ చూడరూ? పోనీ, చూస్తే చూశారు! రేపు పొద్దున్నే వస్తా, ఎంత నడవమంటే అంత నడుస్తా. ముందు దీని సంగతి చూడు తల్లీ! ఇది లేకపోతే నా బతుకేంటి!”

“రేపు వస్తానని ఒట్టేనా?”

“ఒట్టే! దీని మీదొట్టు!”

“విన్నారా పిన్నిగారూ?”

“విన్నానమ్మా. ఇంక గుప్పిట్లో ఈ ఐసుముక్క పారేస్తాను. నువ్వు ముందే చెప్పావు కదా అని పట్టుక్కూర్చుంటే వేళ్ళు కొంకర్లు పోయాయి.”