కొత్త ఎస్‌ఎస్‌డీలో చోటు

ఆఫీసు సాఫ్ట్‌వేరు వేగంగా నడవాలని అల్లుడు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరుకి కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్కు పెట్టించాడు. తీరా సాఫ్ట్‌వేరును పాత డిస్కు నుంచి అందులోకి మార్చబోతే చోటు లేదంది.

“అత్తయ్యా, ఇందులో మీ యుద్ధం గేమ్ ఎక్కించారా?”

“నేనే ఎక్కించాను బాబూ.”

“ఇది ఆఫీసు పని కోసమండీ! పాత డిస్కులో బాగానే ఆడేవారు కదా?”

“ఏం బాగు, నా మొహం! అది తెరుచుకునేలోపే నన్ను కాల్చి పారేస్తున్నారు. మా జట్టువాళ్ళు పొమ్మనలేక పొగబెడుతున్నారు.”

“మరి నా సాఫ్ట్‌వేరో? అది తెరుచుకునేసరికి సగం మీటింగ్ అయిపోతోంది. మేనేజరు రోజూ తిడుతున్నాడు!”

“తిడతాడు గానీ, కాల్చడుగా బాబూ!”

అల్లుడికి గేమ్ తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.