పంచాయతీ రేడియోలో అవ్వ పాట

1962లో ఒక సాయంత్రం లక్సెట్టిపేట పంచాయతీ రేడియోను చూసుకునే హనుమండ్లు, రేడియో గదికి తాళం వేస్తుండగా అక్క యాదవ్వ వచ్చి అడ్డం నిలబడింది. ఈ మధ్యే చనిపోయిన, వాళ్లను కన్న అవ్వ పాడిన వరినాట్ల పాటను హైదరాబాదు రేడియోవాళ్లు పోయినేడు వచ్చి రికార్డు చేసుకుపోయారు. ఆ పాట ఈ సాయంత్రమే రేడియోలో వస్తుంది.

"తాళమెందుకేస్తున్నవ్‌రా?"

"బ్యాటరీ అయిపోయిందక్కా."

"పొద్దుగాల రేడియో మక్కజొన్నల ధర మంచిగనే చెప్పింది గదా!"

"గప్పుడే అయిపోయింది."

"నిన్ననే గదరా మంచిర్యాలకు పోయి నింపుకొచ్చినవ్! నన్ను పరేషాన్ చెయ్యకు, తలుపు తియ్యి."

"మళ్ల ఎప్పుడన్న వేస్తరు. ఇయ్యాల్టికి ఇంటికి పో."

"ఎప్పుడేస్తరు? నీకు చెప్పి వేస్తరా? ఒక్క పాటకు గింత సతాయిస్తవేందిరా!"

హనుమండ్లు తల వంచుకున్నాడు.

"నాతోని కాదక్కా. అవ్వ గొంతు వింటే నేను ఆగమైత."

యాదవ్వకు కోపం పోలేదు గానీ గొంతు తగ్గింది.

"నాది మాత్రం రాతిగుండెనా? నువ్వు బయట ఉండు. నేను వింట."

అతడు తలుపు తీసి, రేడియో పెట్టి, అరుగు మీదికి పోయి నిలబడ్డాడు.

"జర సప్పుడు పెంచిపోరా!"

"గంతకంటె పెరగదు!"

"పెరుగుతది, వచ్చి తిప్పు!"

"నువ్వట్ల మొత్తుకుంటే ఎట్ల ఇనపడుతదే?"

రేడియోలో ముందుగా వచ్చింది పాట కాదు.

"అగో, జర నోర్లు మూసుకోండ్రి! నన్ను పాడనిస్తరా, లేదా?" అని అవ్వ రేడియోలోంచే కసురుకుంది.

ఇద్దరూ నోళ్లు మూసుకున్నారు. పాట మొదలయ్యేసరికి హనుమండ్లు లోపలికొచ్చి అక్క పక్కన కూలబడ్డాడు.